నాన్న కుంచం, అమ్మ డబ్బా

మాది గుణుపురం. ఉండేది ఒడిశాలో. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, సంతకెళ్తే సవర మాట. నేను పుట్టేనాటికి కోరాపుట్ జిల్లా, 1992లో రాయగడ జిల్లా అయింది. నౌపడాలో బయల్దేరి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్ దాటుకుంటూ వచ్చే చిన్న రైలుకి మా ఊరే ఆఖరు. ఆ నేరోగేజి బండిని 2004లో ఆపేశారు. పెద్ద లైను వేసి 2011లో మళ్ళీ నడిపారు. పెళ్ళయినప్పట్నుంచీ బరంపురంలో ఉంటున్నా, ఎవరైనా మీదే ఊరమ్మా అంటే గుణుపురమనే అంటాను.

బళ్ళో తెలుగు లేదు కాబట్టి నాకు అక్షరాలు దిద్దబెట్టింది అమ్మే, తన బైబిలుతో. మొట్టమొదట వేలు పెట్టి చదివింది ఆదికాండం మొదటి వాక్యం. "భూమ్యాకాశములను" అన్న ఒక్క మాట దాటేసరికి మిగతా తెలుగంతా సులువైపోయింది. ఆ చదువు ప్రభావం ఇంకా పోలేదు. "వాట్సాప్‌లో మీరు మెసేజి పెట్టినా యెషయా ప్రవక్త పెట్టినట్టే ఉంటుంది అత్తయ్యా" అని మా అల్లుడు నవ్వుతాడు.

కోరాపుట్ వైపు 1882లో జర్మనీ నుంచి లూథరన్ మిషనరీలు వచ్చారు. పర్లాకిమిడి వైపు కెనడా బాప్టిస్టులు పనిచేశారు. మా తాత ఎవరి చేతి మీద బాప్తిస్మం పొందాడన్నది మా ఇంట్లో ఎప్పటికీ తెగని తగువు. పండగకి అందరూ కలిస్తే చాలు, కూర చల్లారేదాకా అదే. ఎవరి చేతి మీదైతేనేం గానీ, తాత నుంచి నాన్నకి వచ్చిన ఆస్తి రెండు వస్తువులు: ఒక కీర్తనల పుస్తకం, అంచుకి ఇత్తడి పట్టీ వేసిన కొయ్య కుంచం.

నాన్నది సైకిలు బేరం. ఉప్పు, ఎండుచేపలు, కిరసనాయిలు, సబ్బులు కట్టుకుని సవర గూడేలకి ఎక్కేవాడు. చింతపండు, కందులు, ఆవాలు, అడ్డాకులు దించుకొచ్చేవాడు. కొండెక్కే బేరగాళ్ళ కుంచాలకి ఆ రోజుల్లో మంచి పేరు లేదు. కొనడానికి ఒక కుంచం, అమ్మడానికి ఒక కుంచం ఉండేవి కొందరికి. నాన్నకి రెంటికీ ఒకటే. కొలిచిన గింజల్ని అరచేత్తో అణిచి, కుంచాన్ని నేలకి ఓసారి తట్టి, పైన గోపురం కట్టి అంచుల వెంట రాలేదాకా పోసేవాడు. "అణచి, కుదిలించి, దిగజారునట్లు" అని లూకా సువార్తలో ఉంది కదా, అది ఆయనకి కొలత సూత్రం. ఆదివారం సంతలకి వెళ్ళేవాడే కాదు, అసలు బేరమంతా అక్కడే ఉన్నా. ఈ రెండు పట్టింపుల వల్ల మేం బాగుపడ్డామని చెప్పలేను. మా ఇంట్లో నెల చివర్లో పొయ్యి మీదకెక్కేది చోడి అంబలే.

అమ్మకి ఒక డాల్డా డబ్బా ఉండేది. ఎసట్లో పోసే బియ్యం చేటలో పోసుకుని, రాళ్ళేరి, అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ డబ్బాలో వేసేది. తెలుగు సంఘాల్లో పెరిగినవాళ్ళకి ఇది కొత్త కాదు, పిడికెడు బియ్యం ఎరగని ఇల్లుండదు. ఆదివారం ఆడవాళ్ళందరూ తెచ్చి మందిరం మూలనున్న గోనెలో పోస్తే, స్త్రీల సమాజం వాళ్ళు కొలిచి అమ్మేవారు. పాస్టరు అయ్యగారి జీతంలో కొంత, ఆధారం లేని విధవరాళ్ళకి కొంత. ఒకరి సన్నబియ్యం, ఇంకొకరి ముతకబియ్యం, మరొకరి ఉప్పుడుబియ్యం అన్నీ కలిసిపోయి ఆ గోనెలో రంగురంగులుగా ఉండేవి. కలగాపులగం బియ్యం కదా, ధర పలికేవి కావు. ఇంటికి చుట్టం వస్తే మేం తినేది తగ్గేది గానీ డబ్బాలో పడేది తగ్గేది కాదు. పిడికెడంటే పిడికెడే.

1980 సెప్టెంబరులో వంశధార ఊరి మీదకొచ్చింది. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. గుణుపురం, గుడారి, కాశీనగర్ వైపు ఏ పాత ఇంటి తలుపు తట్టినా ఆ వరద కథ ఒకటి వినిపిస్తుంది. ఎందరో కొట్టుకుపోయారు. కొండల్లో కురిసిందంతా ఒక్కసారి దిగింది. రాత్రివేళ, దీపం లేదు, పశువుల అరుపులు. నాన్న కుంచంలో ఇంట్లో ఉన్న చిల్లర డబ్బులూ ఇంటి కాయితాలూ పడేసి నెత్తిన పెట్టుకున్నాడు. అమ్మ తమ్ముణ్ణి చంకనేసుకుని బైబిలు కొంగున కట్టుకుంది. షావుకారు గారి మేడ ఎక్కేసరికి మా నాన్నకి ఛాతీ లోతు నీళ్ళు. ఆ మేడ మీద ఆ రాత్రి ఎవరు ఏ కులమో, ఎవరిది ఏ దేవుడో అడిగినవాళ్ళు లేరు.

మా ఇల్లు వరదలో పడిపోలేదు, అదొక విచిత్రం. నీళ్ళు తీసేశాయి, ఎండ కాసింది, బురద తోడుకుందామని అమ్మ చేట పట్టుకుని నిలబడింది. అప్పుడు కూలింది. మట్టిగోడ కదా, మొదలంతా నానిపోయి ఉంది, పై బరువు ఆపలేక మా కళ్ళెదుటే మెల్లగా కూర్చుండిపోయింది. నీళ్ళలో నిలబడ్డ గోడ ఎండలో పడింది. కష్టాల సంగతి కూడా అలాంటిదేనని నాకు తర్వాత చాలాసార్లు అనిపించింది. దెబ్బ తగిలిన రోజున మనిషి నిలబడే ఉంటాడు.

బడి వరండాలో మూడు రాళ్ళ పొయ్యి. మొదట అటుకులూ బెల్లం పంచారు, తర్వాత ముక్కవాసన వేసే రిలీఫ్ బియ్యం. మొదటిసారి ఆ బియ్యం వండుతూ అమ్మ చెయ్యి పెట్టి ఒక పిడికెడు తీసి పక్కన పెట్టింది. డాల్డా డబ్బా ఎటు కొట్టుకుపోయిందో, ఎవరో పారేసిన పాలడబ్బా కడిగి పెట్టుకుంది. నాన్న ఎప్పుడూ అమ్మ మీద గొంతెత్తేవాడు కాదు, ఆ రోజు ఎత్తాడు.

"పిల్లలకే చాలని బియ్యంలోంచి దేవుడికి తీస్తావేటి?"

"దేవుడికి కాదు. ఆ చివర కూకున్న ముసల్దానికి. లిస్టులో దాని పేరు నేదట."

నాన్న ఇంకేం మాట్లాడలేదు. ఆవిడ మా సంఘం మనిషి కాదు, మా వీధి మనిషి కూడా కాదు. మర్నాటి నుంచి ఆవిడ గంజి కూడా మా పొయ్యి మీదే కాగింది.

ఇంకా వారం గడవకుండానే, మందిరం అటక మీద తడవకుండా మిగిలిన గోనెల్ని స్త్రీల సమాజం వాళ్ళు దింపి వీధివీధికీ పంచారు, క్రైస్తవులనీ కానివారనీ చూడకుండా. మా వాటా ఒక కుంచం పైన. చేటలో పోస్తే తెలుపు, ఎరుపు, పసుపు గింజలు. అమ్మ వాటిని చాలాసేపు ఏరింది. అందులో ఏరడానికి రాళ్ళు పెద్దగా లేవు.

కొంగున కట్టినా బైబిలు తడిసింది. ఉబ్బిపోయి అట్ట మూసుకోలేదు. ఎండలో పెట్టి ఒక్కో పేజీ విడదీస్తూ వచ్చింది అమ్మ. యిర్మీయా చివర నుంచి యెహెజ్కేలు మొదటి దాకా ఊడిరాలేదు, పలకలా బిగుసుకుపోయాయి. అలా ఆ రెంటి మధ్యనుండే విలాపవాక్యములు మా ఇంట్లో చాలా ఏళ్ళు లేవు. ఒకసారి అడిగాను, ఇందులో ఏముందమ్మా అని. "ఏడుపు. దానికి పుస్తకం కావాలేటి?" అంది. కాసేపాగి చీపురుపుల్ల చేతిలో పట్టుకునే, కళ్ళు మూసుకుని అప్పజెప్పింది: "యెహోవా కృపగలవాడు, ఆయన వాత్సల్యత యెడతెగక నిలుచునది గనుక మనము నిర్మూలము కాకున్నవారము." ఊరంతా కాలిపోయాక, పిల్లలు వీధుల్లో ఆకలికి సొమ్మసిల్లుతుంటే చూసినవాడు రాసిన పుస్తకం అది. మూడో అధ్యాయం మొదలంతా దేవుడు నన్ను చీకట్లో నడిపించాడు, నా ఎముకలు విరిచాడు అనే ఫిర్యాదే. ఆ ఫిర్యాదు మధ్యలో ఈ మాట ఉందని నాకు బరంపురంలో వేరే బైబిలు కొనుక్కున్నాక గానీ తెలియలేదు. అమ్మకి తెలుసు. ఆ మాట ముందూ వెనకా ఏముందో తెలిసే చెప్పింది.

ఆ చలికాలం నాన్నకి దగ్గు పట్టింది. సాయంత్రమయ్యేసరికి జ్వరం, ఒళ్ళు ఎండిపోవడం. ఊళ్ళో కషాయాలూ అయిపోయాయి, ఉపవాస ప్రార్థనలూ అయిపోయాయి. చివరికి బిస్సంకటక్ తీసుకెళ్ళాం. డెన్మార్క్ నుంచి వచ్చిన లిజ్ మాడ్సెన్ అనే డాక్టరమ్మ 1954లో మొదలుపెట్టిన క్రైస్తవ ఆసుపత్రి అది. మా చుట్టుపక్కల కొండల్లో రోగమంటే ముందు దాని పేరే చెప్పుకునేవారు. టీబీ అన్నారు. ఆ కాలంలో ఇప్పటిలా ఆరు నెలల కోర్సు మాకు అందుబాటులో లేదు. స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు, ఆ తర్వాత ఏడాదిన్నర దాకా మాత్రలు. మందు చెవి లోపలి నరాన్ని పట్టుకోవచ్చు, తూలు రావచ్చు, అయినా మానకూడదు అని డాక్టరు ముందే విడమర్చి చెప్పారు. ఇంటికొచ్చాక మా సంఘంలోని కాంపౌండరు మావయ్య రోజూ పొద్దున్నే వచ్చి సూది వేసేవాడు. స్టీలు డబ్బాలో సిరంజి, సూది వేసి మా పొయ్యి మీదే మరిగించేవాడు. డబ్బులిస్తే, "బియ్యం డబ్బాలో వెయ్యి వదినా, అదే చాలు" అనేవాడు.

టీబీ తగ్గింది. కానీ డాక్టరు చెప్పినట్టే చెవుల్లో రొద మొదలైంది, అడుగు తడబడేది. సైకిలెక్కితే పక్కకి ఒరిగిపోయేవాడు. మా చిన్నాన్న వెనక పట్టుకుని మళ్ళీ నేర్పబోయాడు, నలభయ్యేళ్ళ మనిషికి. నాలుగడుగులు వెళ్ళి పడ్డాడు. ఆ సైకిలు అమ్మేశాం. ఎవరు కొన్నారో కూడా నాన్న అడగలేదు.

చిన్నప్పటి నుంచి సాక్ష్యపు కూటాల్లో విన్న కథలన్నీ ఒకే మూసలో ఉండేవి. రోగం వచ్చింది, ప్రార్థించాం, పోయింది. అప్పు వచ్చింది, ప్రార్థించాం, తీరింది. అబద్ధాలని అనను, జరిగినవాళ్ళకి జరిగాయి. కష్టం తీరడమే కృప అని ఆ కథల నుంచే మా పిల్లలందరం పట్టుకున్నాం. మా ఇంట్లో మాత్రం ఏదీ పూర్తిగా తీరలేదు. ప్రాణం దక్కింది, జీవనం పోయింది. ఆ ఏడాది చివరి రాత్రి ఆరాధనలో అమ్మ సాక్ష్యానికి లేచింది. అందరూ నాన్న స్వస్థత గురించి చెబుతుందనుకున్నారు. "అడిగింది సగమే వచ్చింది. మిగతా సగం అడుగుతూనే ఉన్నాను. ఇవాళ పొద్దున్న వండేను, తిన్నాం. స్తోత్రం" అని కూర్చుంది. హల్లెలూయా అనాలో వద్దో జనానికి అర్థం కాలేదు. నాకు ఇప్పటికీ అంతకన్నా నిజాయితీ అయిన సాక్ష్యం విన్న గుర్తు లేదు.

పౌలు తన శరీరంలో ముల్లు తీసేయమని ముమ్మారు వేడుకున్నాడు. జవాబు, "నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది." ముల్లు తీసినట్టు ఎక్కడా లేదు. ఈ వాక్యాన్ని గోడ క్యాలెండర్ల మీద గులాబీపూల బొమ్మతో అచ్చేస్తారు, నాకెందుకో నచ్చదు. కాదన్న జవాబది. నాన్నకి వచ్చిందీ అదే.

అడ్డాకులు మమ్మల్ని నిలబెట్టాయి. నాన్నకి చింతపండూ కందులూ అమ్మిన గూడేలవాళ్ళే, ఈయన రావడం లేదేమని కనుక్కుని, కొండ దిగి ఆకు మోపులు మా వాకిట్లో దించేవారు. డబ్బు తర్వాత ఇమ్మనేవారు. దిగజారేలా కొలిచినందుకు కొండ బదులు తీర్చుకుందని నాన్న అనేవాడు గానీ, పైకి పెద్దగా అనేవాడు కాదు. విస్తరి కుట్టడం కూర్చుని చేసే పని, తూలేవాడికి ఇబ్బంది లేదు. మధ్యలో ఒక పెద్దాకు, దాని చుట్టూ అంచు మీద అంచు వచ్చేలా ఆకులు, సన్నగా చీల్చిన వెదురు పుల్ల లోపలికి గుచ్చి బయటికి తీసి మొన విరిచెయ్యాలి. విరవకపోతే తినేవాడి వేలికి గుచ్చుకుంటుంది. నాన్న ప్రతి విస్తరి మీదా అరచెయ్యి వేసి రాసి చూసేవాడు. వందకి వంద లెక్కపెట్టి పైన ఇంకో నాలుగు వేసేవాడు. పర్లాకిమిడి హోటళ్ళకి చిన్న రైల్లో వెళ్ళేవి మా కట్టలు. నేనూ తమ్ముడూ బళ్ళో చదివిన చదువుకి ఫీజు ఆ పుల్లల్లోంచే వచ్చింది.

ఒకసారి కూటాలకి ఎక్కడి నుంచో ఒక యువ ప్రసంగీకుడు వచ్చాడు. మా ఇంట భోజనం. నాన్న గోడ పట్టుకుని నడవడం చూసి, చెయ్యి కడుక్కుంటూ, "విశ్వాసం సరిపడా లేకపోతే స్వస్థత సగంలో ఆగిపోతుంది బ్రదర్" అన్నాడు. చెడ్డవాడు కాదు, కుర్రతనం. అమ్మ వడ్డిస్తున్న గరిటె ఆగింది. నాన్న తాపీగా పీట మీద కూర్చుని ఊపిరి సర్దుకున్నాడు.

"బాబూ, కొండ మీద నానా రకాల కుంచాలు చూసినాను. అడుగున మైనం రాసినవి చూసినాను, లోపల చెక్క దాచినవి చూసినాను. విశ్వాసం కొలిచే కుంచం మాత్రం ఎక్కడా చూళ్ళేదు. నీ దగ్గరుంటే ఒకపాలి చూపించు."

ఆ అబ్బాయి తలొంచుకుని తిన్నాడు. అమ్మ అతనికి మళ్ళీ మళ్ళీ వడ్డించింది, చారు రెండుసార్లు పోసింది. వెళ్ళేటప్పుడు నాన్న కాళ్ళ దగ్గర కూర్చుని ప్రార్థన చేయమన్నాడు, తన కోసం. నాన్న చేశాడు, పొట్టిగా.

నాన్న 1996లో పోయాడు. తమ్ముడికి ఉద్యోగం వచ్చాక, పక్కా ఇల్లు కట్టాక. ఆఖరిదాకా తూలు తగ్గలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఇటు శ్రీకాకుళం కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం. అటు గజపతి జిల్లా కొండల్లో బరఘర దగ్గర కొండచరియ విరిగిపడి, వానకి తలదాచుకున్నవాళ్ళు చనిపోయారు. వంశధార మళ్ళీ పొంగింది. గుణుపురానికి ఫోను కలవదు. అమ్మ తమ్ముడి దగ్గరే ఉంది, ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. టీవీ ముందు కూర్చుని నేను చేసిన ప్రార్థనలో మాటలు లేవు, ఆ నంబరు నొక్కడమే ప్రార్థన.

కలిసింది చివరికి. ఏడుస్తూ, ఎలా ఉన్నావమ్మా అన్నాను.

"నాకేటి, మేడ మీద కూకున్నాను. నువ్వు ముందు ఆ ఏడుపాపు. బియ్యం పంపించు. డబ్బులొద్దు, కొట్లు తెరవనేదు. ఉప్పుడు బియ్యం పంపు, కొండవేపు నుంచి జనం దిగుతున్నారు, వండి పెట్టాలి."

బరంపురంలో మా తెలుగు సంఘంలో చెప్పాను. ఇప్పుడు మా ఆడవాళ్ళు పిడికెడు బియ్యం తీయడం లేదు, నెలకో కవరు ఇస్తారు, ఈమధ్య స్కాన్ చేసి కూడా ఇస్తున్నారు. సౌకర్యమే, కాదనను. అయినా ఆ వారం ఎవరింట్లో ఉన్నవి వాళ్ళు సంచుల్లో తెచ్చారు, చాలనివి బజారులో బస్తాలుగా కొన్నాం. దారులు తెరుచుకోగానే లారీ ఎక్కించాం. చేరిందో లేదో అని ఎదురుచూస్తుంటే అమ్మే ఫోను చేసింది.

"అందినాయి. మీ వాళ్ళ సంచులు సరిగ్గానే ఉన్నాయి. కొట్లో కొన్న బస్తాలు నాన్న కుంచంతో కొలిపించేను. ప్రతీ దాంట్లోనూ తక్కువే వచ్చినాయి. ఆ షావుకారుతో మాట్లాడు. ఇంకోపాలి అక్కడ కొనకు."